అచ్చోసిన ఆంబోతు, సాయిబు చెల్క

ఈసారి పోస్టు పొడుగైంది. పాలు పిండి కేంద్రంల పోసినంక, తీరిగ్గా చదువుండ్రి. ఎరువుల గురించి రాస్తనని పోయినవారం చెప్పిన. అది కూడా ఉన్నది గానీ కొంచెం తర్వాత వస్తది. ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలె. నాలుగు నెలల నుంచి కడుపుల పెట్టుకోని తిరుగుతున్న.

2025 మే నెల యాది చేసుకోండ్రి. ఏప్రిల్ 22న పహల్గాంల 26 మందిని కాల్చి చంపిండ్రు. మే 7 తెల్లారకముందే మన సైన్యం పాకిస్తాన్ దిక్కు తొమ్మిది చోట్ల దాడి చేసింది. అదే రోజు సాయంత్రం నాలుగింటికి సిటీల సైరన్లు మోగిచ్చి చూసిండ్రు, సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలి దిక్కు. మేడ్చల్, శామీర్‌పేట మనుషులకు విమానాల చప్పుడు కొత్త కాదు. ఒక పక్క హకీంపేట, ఇంకో పక్క దుండిగల్. చిన్నప్పటి నుంచి పసుల కాడ పండుకోని ఆ చిన్న విమానాలు గిరగిర తిరిగేది చూస్తనే పెరిగినం. గానీ ఆ మూడు నాలుగు రోజులు ఏ చప్పుడైనా గుండె దడదడ అన్నది.

మే 8 రాత్రి నాకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఎవలో పెద్ద ఆఫీసర్ లెక్క గంభీరంగ మాట్లాడిండు. శామీర్‌పేట చుట్టూ ఫాంహౌజులల్ల కొత్త మనుషులు దిగిండ్రట, పనివాళ్ళ వేషంల తిరుగుతున్నరట, హకీంపేట విమానాల ఫొటోలు తీస్తున్నరట, సంచులు పట్టుకోని రాత్రిపూట తిరిగే ‘వాళ్ళను’ వదలొద్దట. ‘వాళ్ళు’ అంటే ఎవలో అందరికి తెలిసేటట్టే అన్నడు. నేను ఒక్క నిమిషం ఆలోచన చెయ్యలే. ఊరి గ్రూపుల వేసిన, కూరగాయల రైతుల గ్రూపుల వేసిన, పండుకున్న.

మా ఊర్ల మోటర్లు బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నడు. పేరు రాయను, ఆయనను అడగలే. మన చుట్టుపక్కల సగం బోర్లకు ఆయన చెయ్యి పడనిది లేదు. ఆ రాత్రి ఒక ఫాంహౌజుల మోటర్ లేస్తలేదని ఫోన్ చేస్తే పోయి, పని చేసి, రెండింటికి బండి మీద వస్తున్నడు. చెరువు కట్ట దిగినంక మలుపుల మన పిల్లలే, మన ఊరి పిల్లలే, ఆపిండ్రు. ఆధార్ కార్డ్ చూపియ్యిమన్నరు. ఏం సంచి అన్నరు. సంచి రోడ్డు మీద బోర్లిచ్చిండ్రు. స్పానర్లు, ఫీజు వైర్లు, రెండు కెపాసిటర్లు, ఒక పాత స్టార్టర్ కాయిల్. ఆ కాయిల్ ఏందని ఒకడు గట్టిగ అడిగిండట. వాడి ఇంట్ల బోరుకు అసొంటి కాయిలే ఈయన పోయిన ఎండాకాలం వేసిండు. ఇంకొకడు వీడియో తీసిండు. కొట్టలే, అది ఒక్కటి మేలు.

పొద్దున ఆయన నా దగ్గరికి వచ్చిండు. కొట్లాడ రాలే. పోయినవారం పని చేసిన పైసలు మూడు వందలు బాకీ ఉంటే తీసుకున్నడు. పోయేటప్పుడు, “అన్నా, ఆ మెసేజ్ మీ నంబర్ నుంచే వచ్చిందట” అన్నడు. నేను ఏమో అన్న, ఏమన్ననో యాదికి లేదు. మధ్యాహ్నం గ్రూపుల చూస్తే, ఆయన గ్రూపు నుంచి వెళ్ళిపోయిండు.

ఆ మెసేజ్ వట్టి అబద్ధం. ఆ వారంల గిట్లాంటివి ఎన్నో తిరిగినయి. వీడియో గేముల బొమ్మలను కూడా యుద్ధం అని పంపిండ్రు, సర్కారోళ్ళే అవి అబద్ధమని రోజుకు ఇన్ని చెప్పవలసి వచ్చింది. దీనికి పెద్దలు ‘హైబ్రిడ్ యుద్ధం’ అని పేరు పెట్టిండ్రు. మనకు హైబ్రిడ్ అంటే మక్కల విత్తనం, మిర్చి విత్తనం. వీళ్ళ హైబ్రిడ్ల సైనికుడు ఒక పాలు, కిరాయి మనిషి ఒక పాలు, రోడ్లు, ఓడలు బందుపెట్టుడు ఒక పాలు, పుకార్లు ఒక పాలు. అన్ని కలిపి చల్లుతరు. ఎవడు చల్లిండో దొరకదు. పహల్గాం తర్వాత టీఆర్ఎఫ్ అనే ముఠా మేమే చేసినమన్నది, నాలుగు రోజులకు మేం కాదన్నది. అది లష్కరే తోయిబాకు ముసుగు పేరు అని మన సర్కారు అన్నది, జులైల అమెరికా కూడా అదే అని నిషేధం పెట్టింది. నేను మాత్రం ఏ ముఠా మనిషిని కాకుండనే, ఇంట్ల మంచం మీద పండుకోని, అందుల ఒక చెయ్యి వేసిన.

మన దిక్కు ఒక మాట ఉన్నది, అచ్చోసిన ఆంబోతు అని. కోడెకు అచ్చు వేసి దేవుని పేరు మీద వదిలిపెడితే దానికి యజమాని ఉండడు. ఎవల చేనుల పడ్డా, “మాది కాదు, దేవునిది” అంటరు. వదిలినోడు మాత్రం పొద్దుగూకితే చాటుంగ ఇంత కుడితి పెడతనే ఉంటడు. పగోడి చేనుల మేసినంత కాలం వానికి సంబరం. ఒకరోజు ఆ ఆంబోతు వాని దొడ్డి కంచె విరగ్గొట్టి లోపటికి వస్తది. అప్పటికి అది వాడు కట్టేసే సైజుల ఉండదు.

ఇదంతా ఎక్కడో కశ్మీర్‌ల, ఉక్రెయిన్‌ల జరిగే సంగతి అనుకోకండ్రి. 1948ల మన గడ్డ మీదనే జరిగింది. రజాకార్ల గురించి ప్రతి సెప్టెంబర్ 17కు మైకుల వింటం. ఒకరు విమోచనం అంటరు, ఒకరు విలీనం అంటరు, ఒకరు సమైక్యత అంటరు, రాష్ట్ర సర్కారు ప్రజా పాలన దినం అంటది. పేరు కాడనే పొద్దుగూకుతది. అసలు సంగతి ఎట్ల నడిచిందో చెప్పేటోళ్ళు తక్కువ.

కాసిం రజ్వీ లాతూర్‌ల వకీలు. 1946ల మజ్లిస్‌కు అధ్యక్షుడైండు. రజాకార్ అంటే స్వచ్ఛందంగ వచ్చినోడు అని అర్థం. నిజాంకు సొంత ఫౌజ్ ఉండె, పోలీసులు ఉండిరి. మరి ఇంకో ఫౌజ్ ఎందుకంటే, ఫౌజ్ చేస్తే రాజు చేసినట్టు, రజాకార్లు చేస్తే జనం చేసినట్టు. ఢిల్లీతోని బేరం ఆడేటప్పుడు, “మా జనం ఒప్పుకుంటలేరు, నేనేం జేద్దు” అని చెప్పుకోవచ్చు. ఉర్లల్ల దొరలకు కూడా వాళ్ళు అక్కరకొచ్చిండ్రు, నల్గొండ, వరంగల్ దిక్కు సంఘం వాళ్ళను అణచనీకి.

1947 అక్టోబర్ 27 తారీఖు చూడుండ్రి. భారత్‌తోని ఏడాది పాటు ఉన్నది ఉన్నట్టే ఉంచే ఒప్పందం, యథాతథ ఒప్పందం అన్నరు దాన్ని, తయారైంది. ఢిల్లీకి పోవాల్సిన పెద్దలు ప్రధాని ఛత్తారీ నవాబు, వాల్టర్ మాంక్టన్ దొర, సుల్తాన్ అహ్మద్. ఆ తెల్లారుజామున వేల మంది జనం వాళ్ళ ఇండ్లను చుట్టుముట్టిండ్రు, బయటికి రానియ్యలే. రాజు పంపిన ప్రధానిని రాజు పెంచిన గుంపు ఇంట్లనే ఆపేసింది. ఛత్తారీ రాజీనామా చేసి పోయిండు, కొన్ని రోజులకు లాయక్ అలీ ప్రధానైండు. చివరికి నవంబర్ 29న సంతకం పెట్టింది దాదాపు అదే ఒప్పందం మీద. మరి ఒక నెల ఏం సాధించిండ్రు? రాజ్యం ఎవల చేతుల ఉన్నదో అందరికి తెలిసింది, అంతే.

అదే అక్టోబర్ 27న కశ్మీర్‌ల ఏం జరిగింది? శ్రీనగర్‌ల మన సైనికులు విమానాలు దిగిండ్రు. ఐదు రోజుల ముందు పాకిస్తాన్ దిక్కు నుంచి పఠాన్ తెగల లష్కర్ కశ్మీర్ మీద పడ్డది. మాకేం సంబంధం, వాళ్ళంతట వాళ్ళు పోయిండ్రు అన్నది పాకిస్తాన్. ఆ లష్కర్ బారాముల్లాల ఆగి దోపిడీల పడ్డది, ఆ ఆలస్యంల శ్రీనగర్ చేజారింది. ఒక్కటే తారీఖు, రెండు ఆంబోతులు, రెండూ వదిలినోని పనే చెడగొట్టినయి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలే.

మన దిక్కు కూడా ఒక మాట నిజాయితీగ చెప్పుకోవాలె. భారత్ చేతులు కట్టుకోని కూసోలే. సరిహద్దు అవతల, కృష్ణా జిల్లా దిక్కు, మరాఠా దిక్కు స్టేట్ కాంగ్రెస్ క్యాంపులు నడిచినయి. ఆ క్యాంపుల నుంచి వచ్చి నాకాలు, కరోడ్‌గిరి చౌకీలు తగలబెట్టి పోతుండిరి. 1948 జనవరిల ఉమ్రీల బ్యాంకును కూడా కొట్టి పైసలు తీసుకపోయిండ్రు. వాళ్ళు స్వాతంత్ర్యం కోసం ప్రాణాలు పణం పెట్టినోళ్ళు, రజాకార్లతోని ఒక్క గాటకు కట్టను. గానీ ఢిల్లీ అడిగితే, “మాకేం తెలుసు” అనే సౌకర్యం ఢిల్లీకి కూడా ఉండె. ఇంకో పక్క సరుకుల రాక ఆగింది. ఉప్పు, మందులు, పెట్రోల్ రాకుండ ఢిల్లీ ఆపుతున్నదని హైదరాబాద్ మొత్తుకున్నది. హైదరాబాద్ ఏమో పాకిస్తాన్‌కు ఇరవై కోట్ల అప్పు ఇస్తనన్నది, భారత రూపాయి చెల్లదన్నది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిపూట విమానాలల్ల తుపాకులు తెచ్చి బీదర్, వరంగల్ దిక్కు దించిండు. ఒక దిక్కు ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు. ఇప్పుడు హైబ్రిడ్ అంటున్నరు గద, అందుల లేనిది ఏమన్న ఉన్నదా చెప్పుండ్రి. 1948 మేల నిజాం సర్కారు కమ్యూనిస్టుల మీద నిషేధం కూడా ఎత్తేసింది, రెండేండ్లు చంపినోళ్ళనే వాడుకుందామని చూసింది.

మధ్యల నలిగింది ఎవలు? 1948 ఆగస్టు 22న షోయబుల్లా ఖాన్‌ను చంపిండ్రు. ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్. ముసల్మానే. భారత్‌ల కలవాలె, రజాకార్లను ఆపాలె అని రాసిండని రాత్రిపూట ఇంటికి పోతుంటే రోడ్డు మీద కాల్చిండ్రు, చెయ్యి నరికిండ్రు. ఐదు రోజులకు బైరాన్‌పల్లి. బురుజు మీద కాపలా పెట్టుకోని మూడు నాలుగు సార్లు తరిమిన ఊరు అది. ఈసారి నిజాం పోలీసులు, ఫౌజ్ కూడా రజాకార్లతోని కలిసి వచ్చిండ్రు. వందకు అటుఇటు మనుషులను ఒక్క పొద్దున చంపిండ్రు. బురుజు ఇప్పటికీ ఉన్నది, సిద్దిపేట దిక్కు పోయినప్పుడు చూడుండ్రి.

సెప్టెంబర్ 13న భారత సైన్యం లోపటికి వచ్చింది, 17న నిజాం చేతులెత్తిండు, 18న ఎడ్రూస్ జనరల్ చౌదరికి లొంగిపోయిండు. రెండు లక్షల మంది రజాకార్లు ఉన్నరని రజ్వీ చెప్పుకునేది. ఐదు రోజులు నిలబడలే. బర్ఛీ పట్టుకోని రైతును బెదిరిచ్చుడు వేరు, ట్యాంకు ముందల నిలబడుడు వేరు. సెప్టెంబర్ 23న నిజాం రేడియోల, రజ్వీ మనుషులు రాజ్యాన్ని చేతులకు తీసుకోని తనను నిస్సహాయుణ్ణి చేసిండ్రని చెప్పుకున్నడు. కుడితి పెట్టిందెవలు అని అడిగేటోడు లేడు. 1950ల ఆయనే రాజప్రముఖ్ అయిండు. లాయక్ అలీ కాపలా తప్పించుకోని పాకిస్తాన్ పోయిండు. రజ్వీ 1957 దాక జైల్ల ఉండి ఆయనా అక్కడికే పోయిండు. మరి రజాకార్ల చేరిన ఊరి పోరగాండ్లు ఎక్కడికి పోవాలె?

ఇక్కడి నుంచి మా ఇంటి కథ.

మన మేడ్చల్ అప్పుడు అత్రాఫ్-ఎ-బల్దా కింద ఉండె. సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చుకు పెట్టుకున్న భూములు. బొల్లారంల భారత ఏజెంట్ జనరల్ కె.ఎం. మున్షీ మకాం. నిజామాబాద్ రైలు మేడ్చల్ మీద నుంచే పోతది. అందుకని నల్గొండ దిక్కు జరిగినంత ఘోరం మా దిక్కు జరగలేదు గానీ, వార్త మాత్రం అన్ని దిక్కుల నుంచి ముందు మాకే వచ్చేది. మా నాయినకు అప్పుడు పదకొండేండ్లు. ఆయన చెప్పిండు, నేను చెప్తున్న.

ఊర్ల ఒక సాయిబు, మా తాత జతగాళ్ళు. ఇద్దరు కలిసి కౌలుకు మోట కొట్టినోళ్ళు. ఒకరి ఎద్దు కుంటితే ఇంకొకరి ఎద్దు కట్టేది. ఆ సాయిబు తమ్ముడు పద్దెనిమిదేండ్ల పోరడు, పని లేదు, భూమిల వాటా లేదు. బొల్లారం పోయి రజాకార్ల చేరిండు. ఖాకీ బట్టలు ఇచ్చిండ్రు, బర్ఛీ ఇచ్చిండ్రు. మొదటిసారి ఎవడో తనను ‘జీ’ అన్నడని అన్నతోని చెప్పుకోని మురిసిండట. అన్న వద్దన్నడు, వినలే. ఒకసారి లారీల పదిహేను మంది వచ్చిండ్రు, వాళ్ళల్ల వీడూ ఉన్నడు. మా గుమ్మిల జొన్నలు నాలుగు బస్తాలు, ఒక కోడెదూడ తీసుకపోయిండ్రు. గుమ్మి ఎక్కడుందో చూపిచ్చింది వాడే అని మా నాయినమ్మ చచ్చేదాక అన్నది. మా నాయిన మాత్రం, “వాడు తలకాయ వంచుకోని లారీ కాడనే ఉండె” అనేటోడు. ఎవల మాట నిజమో ఇప్పుడు తేల్చేటోళ్ళు లేరు.

ఆ ఏడాది ఉప్పు కోసం మా తాత సికింద్రాబాద్ దాక నడిచి పోయి శేరు ఉప్పు తెచ్చి చుట్టాలకు పంచిండట. ఉప్పు లేని గటక తాగినమని నాయిన ఎప్పుడూ చెప్పేది. రజాకార్ కంటే, మిలట్రీ కంటే ఆయనకు యాదికున్నది అది.

సెప్టెంబర్ 17 తర్వాత ఇంకో కథ మొదలైంది. పుకార్లు. ఫలానా ఊర్ల ఇంత మందిని చంపిండ్రట, ఫలానా చోట బాయిల పడేసిండ్రట. కొన్ని అబద్ధాలు, కొన్ని నిజాలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ దిక్కు ముసల్మాన్లను చాలా మందిని చంపిండ్రు. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం తిరిగి చూసి, తక్కువల తక్కువ 27,000 నుంచి 40,000 మంది పోయిండ్రని లెక్క కట్టింది. ఆ నివేదిక అరవై ఏండ్లకు పైగా జనం చేతికి రాలే. ఒక ముఠా చేసిన పాపానికి, ముఠా మొఖం చూడనోళ్ళు కూడా కట్టిండ్రు. అండ్లనే ఇంకోటి కూడా రాసిండ్రు. కొన్ని చోట్ల హిందూ నేతగాళ్ళు ముసల్మాన్ నేతగాళ్ళకు అడ్డం నిలబడి తమ ప్రాణాలు ఇచ్చిండ్రని.

మా ఊరికి కూడా ఒక రాత్రి పక్క ఊర్ల నుంచి గుంపు వస్తున్నదని తెలిసింది. మా తాత పోయి సాయిబును, పెండ్లాన్ని, ముగ్గురు పిల్లలను తీసుకొచ్చి బర్ల కొట్టంల గడ్డి వాము వెనక పెట్టిండు. నాలుగు రాత్రులు. మా నాయినే అన్నం ముంత తీసుకపోయేది. గుంపు వచ్చింది, సాయిబు ఇల్లు చూసింది, కాళీ ఇల్లు, కప్పుకు నిప్పు పెట్టి పోయింది. తమ్ముణ్ణి మిలట్రీ పట్టుకపోయింది. జైలుకని అన్నరు. మళ్ళ ఊరి మొఖం చూడలే, ఎక్కడ పోయిండో తెల్వదు.

ఇక్కడిదాక నేను ఎన్నోసార్లు చెప్పిన. పెండ్లిలల్ల చెప్పిన, సెప్టెంబర్ 17 నాడు స్కూల్ల పిల్లలకు చెప్పిన. మా తాత ఎంత గొప్పోడో అని. ఇప్పుడు చెప్పేది ఎన్నడూ చెప్పలే.

సాయిబుకు కట్ట కింద ఎకరంన్నర చెల్క ఉండె. ఇల్లు కాలినంక, ఇక ఊర్ల ఉంటమో ఉండమో అని భయపడి, ఆ ఏడాదే అమ్ముకున్నడు. కొన్నది మా తాత. ఎంతకు కొన్నడని ఒకసారి నాయినను అడిగితే, “ధర అని దాన్ని అనలేం బిడ్డా” అన్నడు, అంతే. వేరేటోడు కొంటే ఇంకా తక్కువే ఇచ్చేటోడు కావచ్చు. తాత ఇచ్చిన పైసలతోనే వాళ్ళు కప్పు వేసుకున్నరు కావచ్చు. ఊరు విడిచి పోలేదు చివరికి, ఉన్నరు, గానీ భూమి లేకుండ ఉన్నరు. ఆ చెల్కల మేం మొదట జొన్న వేసినం, ఎనభైలల్ల ద్రాక్ష తోట పెట్టినం, ఇప్పుడు టమాట, పాలకూర. బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయే నా డబ్బాలల్ల సగం అండ్లవే. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చినంక దాని ధర మీకు చెప్పనక్కరలేదు. పాస్‌బుక్కుల నా పేరు ఉన్నది. గానీ ఊర్ల ఇప్పటికీ దాన్ని ‘సాయిబు చెల్క’ అనే అంటరు.

మీకు అర్థమయ్యే ఉంటది. మోటర్ భాయ్ ఆ సాయిబు మనుమడు.

ఆంబోతులను వదిలే పని మన సర్కార్లు కూడా చేసినయి, దాస్తే దాగదు. శ్రీలంకల ఎల్టీటీఈ వాళ్ళకు మొదట మన దేశంలనే శిక్షణ దొరికింది. 1987ల శాంతి సైన్యం పోతే అదే ఎల్టీటీఈతోని కొట్లాడి దాదాపు 1,200 మంది మన జవాన్లు చనిపోయిండ్రు. 1991 మే 21న శ్రీపెరంబుదూర్‌ల రాజీవ్ గాంధీ. రష్యా సంగతి టీవీల చూసిండ్రు. వాగ్నర్ అనే కిరాయి ఫౌజ్‌ను పెంచితే 2023 జూన్‌ల అది మాస్కో దిక్కే తిరిగింది. ఆ నాయకుడు ప్రిగోజిన్ రెండు నెలలకు విమానం కూలి పోయిండు.

ఇగ ఎరువుల సంగతి. 2023 నవంబర్ నుంచి యెమెన్‌ల హౌతీలు అనేటోళ్ళు ఎర్ర సముద్రంల ఓడల మీద పడ్డరు. వాళ్ళ వెనక ఇరాన్ ఉన్నదని అందరికి తెలుసు, ఇరాన్ మాత్రం వాళ్ళిష్టం వాళ్ళది అంటది. ఓడలు ఆ దారి వదిలి ఆఫ్రికా కొస చుట్టూ తిరిగి రావలసి వచ్చింది, వేల కిలోమీటర్లు ఎక్కువ. మన డీఏపీ చానా వరకు బయటి దేశాల నుంచి వచ్చేదే. 2024ల కొరత వచ్చింది, ఢిల్లీ వాళ్ళు ఎర్ర సముద్రాన్నే చూపిచ్చిండ్రు. బస్తా 1,350 దాటకుండ ఉంచనీకి టన్నుకు 3,500 రూపాయలు అదనంగ సబ్సిడీ పెట్టిండ్రు. ఆ బస్తా కూడా దొరకక మనం ఎంత తిరిగినమో మీకు తెలుసు. 2025 ఆగస్టుల యూరియాకు చెప్పులు, పాస్‌బుక్కులు లైన్ల పెట్టినం. దానికి కారణాలు ఇంకా వేరే ఉన్నయి, రామగుండం ఫ్యాక్టరీ ఆగుడు కూడా అండ్ల ఒకటి, అన్నీ సముద్రం మీద వేస్తే మన సర్కార్లు తప్పించుకుంటయి. గానీ ఎప్పుడూ పేరు విననోడు ఎక్కడో ఓడను ఆపితే శామీర్‌పేటల మక్క చేను పచ్చగయ్యేది ఎర్రబడ్డది. అప్పటి ఉప్పు, ఇప్పటి డీఏపీ. ఆపినోడు ఒక్కడు, తిననోడు ఒక్కడు.

ఆ యూరియా లైన్ల నిలబడ్డప్పుడే నాకు ముందల నాలుగు చెప్పుల జతల అవతల మోటర్ భాయ్ ఉన్నడు. ఆయనకు భూమి లేదు గద, యూరియా ఎందుకని మొదట అనుకున్న. మంచం పట్టిన ఒక ముసలామె పాస్‌బుక్కు పట్టుకోని ఆమె బదులు నిలబడ్డడు. లైన్ల ఎవడో సెప్టెంబర్ 17 సభ గురించి, రజాకార్ల గురించి మొదలుపెట్టిండు. ఒకడు ఒకటి అంటే ఇంకొకడు ఇంకొకటి. ఆయన ఫోన్ చూసుకుంట నిలబడ్డడు. నేను కలగజేసుకోవాలె, ఆపాలె అనుకున్న, నోరు లేవలే. ఈ పోస్టు రాయాలని ఆ రోజే అనుకున్న.

పోయిన ఆదివారం ఆయన షాపుకు పోయిన. షట్టర్ సగం దించి ఉన్నది, లోపట వైండింగ్ చేస్తున్నడు. నేను మాట ఎత్తే ముందే, “మోటర్ ట్రిప్ అవుతున్నదా అన్నా?” అన్నడు. కాదు, ఆ మే నెల సంగతి అన్న. తప్పు నాదే, అబద్ధపు మెసేజ్ వేసిన, గ్రూపుల అదే రాస్త, అందరి ముందర అన్న. రాగి తీగె చుట్టుడు ఆపలే. “ఆ పిల్లలల్ల ఒకడు మొన్న వచ్చి సారీ చెప్పిండు అన్నా. వాళ్ళ బోరు కాలింది” అని నవ్విండు. నేను కూడా నవ్విన, నవ్వు రాకున్నా.

చెల్క సంగతి ఎట్ల ఎత్తాల్నో తెల్వలే. చివరికి అడిగిన, మీ నాయిన ఎప్పుడన్న ఆ కట్ట కింది భూమి గురించి చెప్పిండా అని. ఆయన చెయ్యి ఆగింది. “చెప్పిండు. మీ బర్ల కొట్టం గురించి కూడా చెప్పిండు” అన్నడు. అంతకంటే ఒక్క మాట అనలే. నేనూ అడగలే.

నిన్న పొద్దున మా గ్రూపుల రాసిన, మే 8 మెసేజ్ నేనే వేసిన, అది అబద్ధం అని. చూసినోళ్ళు చూసిండ్రు. ఇద్దరు దండం పెట్టిండ్రు, ఒకాయన, “ఇప్పుడెందుకు పటేలా పాత సంగతి” అన్నడు. ఆయనను మళ్ళ గ్రూపుల చేర్చుమని నడిపే పిల్లగానికి చెప్పిన, చేర్చిండు. గంటకు ఆయనే మళ్ళ వెళ్ళిపోయిండు.

నా కొడుకు ఈ పోస్టు పెట్టొద్దంటున్నడు. చెల్క ముచ్చట రాస్తే రేపు ఎవడన్న కాగితం పట్టుకోని వస్తడని వాని భయం. రాత్రి వాడు పండుకున్నంక పెడుతున్న. మీ ఇండ్లల్ల అప్పటి పెద్దలు ఎవలన్న ఉంటే, ఆ ఏడాది మీ ఊర్ల ఏం జరిగిందో, ఎవల భూమి ఎవలకు పోయిందో అడిగి కింద రాయుండ్రి. పేర్లు వద్దు.